యాక్సిడెంట్ కేసుల లాయరు అనిపించుకోవడానికి సిగ్గెందుకు?

ప్రశ్న: మూడేళ్లుగా ఒక జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. ఇప్పటిదాకా ఆస్తి తగాదాలు, కుటుంబ వివాదాలు చూసే సీనియర్ దగ్గర ఉన్నాను. ఆరోగ్యం బాగాలేక ఆయన కోర్టుకు రావడం బాగా తగ్గించారు. మరో సీనియర్ తన ఆఫీసుకు రమ్మంటున్నారు. అక్కడ దాదాపు అన్నీ రోడ్డు ప్రమాదాల నష్టపరిహారం కేసులే. ఆయన కోరితే ఈ మధ్య ఒక కేసు కాగితాలు చూశాను. ఇరవై ఎనిమిదేళ్ల టైల్స్ మేస్త్రి. లారీ ఢీకొని కుడి మోకాలు చితికింది. ప్రమాదం జరిగి నాలుగు నెలలైంది. వైకల్యం సర్టిఫికెట్ వచ్చాక పిటిషన్ వేద్దామని గుమస్తా అంటున్నాడు. పని నాకు నచ్చింది. కానీ మా మామగారు 'శవాల మీద పేలాలు ఏరుకునే బతుకు' అంటున్నారు. ఆ ఆఫీసుకు కేసులు ఆసుపత్రి సిబ్బంది ద్వారా వస్తాయని, పరిహారంలో ఇంత శాతం అని ముందే మాట్లాడుకుంటారని కూడా విన్నాను. ఈ దారిలో వెళ్లవచ్చా? గౌరవంగా బతకవచ్చా? ఆ మేస్త్రితో మాట్లాడినప్పటి నుంచి రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. అది అలవాటైపోతుందా?
– ఒక న్యాయవాది

సమాధానం: వెళ్లండమ్మా. ఈ రంగంలోకి రావచ్చా అన్నదానికి నా జవాబు అదే. ఆ ఆఫీసుకే వెళ్లాలా అన్నది వేరే సంగతి. రెండింటినీ ఒకే ముడి వేసుకున్నారు కాబట్టే మీకు ఇంత సందిగ్ధం.

ముందు మీ మామగారి మాట. అది పూర్తిగా అబద్ధం కాదు. ప్రమాదం జరిగిన రాత్రే ఖాళీ వకాల్తా పట్టుకుని ఆసుపత్రి గుమ్మంలో నిలబడేవాళ్లు ఉన్నారు. వాళ్లను ఆయన అంతమాట అన్నా నేను అడ్డుపడను. 1984 డిసెంబరులో భోపాల్ గ్యాస్ దుర్ఘటన జరిగిన కొద్ది రోజులకే అమెరికా లాయర్లు విమానాలెక్కి వచ్చి బాధితుల చేత సంతకాలు పెట్టించుకున్నప్పుడు కూడా లోకం ఇలాగే ఈసడించుకుంది. ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. 1985లో ప్రత్యేక చట్టం చేసి, బాధితులందరి తరఫునా వాదించే హక్కును కేంద్ర ప్రభుత్వం తానే తీసుకుంది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరిపోయింది. సంతకానికి ముందు బాధితులను అడిగినవాళ్లు లేరు. ఆశపోతు లాయరు చేతిలో పడడం ఎంత నష్టమో, తన మాట వినే లాయరు అసలు లేకపోవడమూ అంతే నష్టం.

ఆయనతో ఇంకో మాట కూడా చెప్పండి. రోడ్డెక్కే వాహనానికి థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలని 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెబుతోంది. మీ మామగారికి స్కూటరు ఉంటే ఆయనా ఆ ప్రీమియం కడుతూనే ఉంటారు. ఆ డబ్బు వసూలు చేసేదే ఎవరికైనా కాలు విరిగిన రోజున ఇవ్వడానికి. ఇవ్వవలసిన మనిషికి దాన్ని చేర్పించడం ఏరుకోవడం ఎలా అవుతుంది? అవతలి పక్షాన బీమా కంపెనీకి ప్యానెల్ న్యాయవాది ఉంటారు, ఇన్వెస్టిగేటర్ ఉంటాడు, జీతాలు తీసుకునే ఆఫీసు ఉంటుంది. వాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అనరు! మంచం మీద ఉన్నవాడి పక్కన నిలబడ్డ లాయరుకే ఈ నింద.

ఇక అసలు పని. కోర్టు ఆవరణలోనే మీకు వినిపించే మాట ఒకటుంది: 'ఆ కేసుల్లో వాదించడానికి ఏముంది, పట్టిక చూసి గుణించడమేగా' అని. పట్టిక ఉన్న మాట నిజమే. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వయసును బట్టి మల్టిప్లయర్లు (ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకెలు) ఖరారు చేసింది. 2017లో ప్రణయ్ సేథీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం భవిష్యత్తులో పెరిగే ఆదాయానికి ఎంత శాతం కలపాలో చెప్పింది. మీ మేస్త్రి నెలకు 15,000 రూపాయలు సంపాదించేవాడని అనుకుందాం. సొంతంగా పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు. కాబట్టి 40 శాతం కలిపితే 21,000. ఏడాదికి 2,52,000. ఇరవై ఎనిమిదేళ్లకు మల్టిప్లయర్ 17. మొత్తం 42,84,000. ఇంతవరకు ఎవరు గుణించినా ఒకటే.

ఇప్పుడు వైకల్యం శాతం. డాక్టరు సర్టిఫికెట్‌లో 25 అని ఉందనుకోండి. అదే అంకె వేస్తే 10,71,000 వస్తుంది. చాలా ఆఫీసుల్లో అక్కడితో కలం పెట్టేస్తారు. కానీ 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. శరీరానికి ఎంత శాతం వైకల్యం అన్నది ఒక ప్రశ్న, సంపాదించే శక్తి ఎంత పోయింది అన్నది ఇంకో ప్రశ్న. ఎడమ చేయి పోయిన గుమస్తా ఉద్యోగం నిలవవచ్చు; అదే చేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు నూరు శాతం పోయినట్టేనని ఆ తీర్పులోనే ఉంది. టైల్స్ మేస్త్రి బతుకంతా మోకాళ్ల మీదే కదా. మోకాలు మడవలేని మనిషి ఆ పనికి తిరిగి వెళ్లలేడు. ఇంకేదో చిన్న పని చేసుకోగలడు కాబట్టి సంపాదన నష్టం 60 శాతమని ఈ పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఒప్పుకుంటే మొత్తం 25,70,400. అదే మనిషి, అదే మోకాలు, అదే పట్టిక. తేడా దాదాపు పదిహేను లక్షలు. చికిత్స ఖర్చులు, బాధకు ఇచ్చేది ఇందులో లేవు, అవి విడిగా.

ఆ పదిహేను లక్షలు వాదనా పటిమతో రావు. అతని పక్కన కూర్చుని పనివాడి పని గురించి అడిగితే వస్తాయి. రోజుకు ఎన్ని అడుగులు పరిచేవాడు, కూలి రోజుకా అడుగుకా, ఏ కాంట్రాక్టరు కింద, డబ్బు చేతికి ఇచ్చేవాడా ఫోనుకు పంపేవాడా, ఇప్పుడు అతని స్థానంలో ఎవరు పని చేస్తున్నారు, ఎంతసేపు కింద కూర్చోగలడు, లేవడానికి ఏం పట్టుకోవాలి. ఫోనులో పాత పని తాలూకు ఫోటోలు ఉండే ఉంటాయి. బ్యాంకు ఖాతాలో కాంట్రాక్టరు పేరుతో జమలు ఉంటాయి. ఆ కాంట్రాక్టరును సాక్షిగా తీసుకురండి. ఆధారం ఏమీ పెట్టకపోతే ఆదాయాన్ని కనీస వేతనం స్థాయిలో ఊహించి లెక్క వేస్తారు. నేర్పుగల మేస్త్రి అడ్డా కూలీ అయిపోతాడు. ఈ రంగంలో మంచి లాయరుకూ మామూలు లాయరుకూ తేడా ఇక్కడే తేలుతుందని నా అభిప్రాయం. చట్టం ఇద్దరికీ తెలుసు. ఎదుటి మనిషి ఏం పని చేసేవాడో ఒకరికే తెలుసు.

సర్టిఫికెట్ గురించి ఒక జాగ్రత్త. కాలుకు ఇంత శాతం అని రాశారా, మొత్తం శరీరానికా అన్నది చూడండి. కాలు శాతం శరీరం శాతం కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి న్యాయవాది మొదట పట్టుకునేది దాన్నే. పింఛను కోసం తీసుకున్న సదరం ధ్రువపత్రం పెట్టేసి ఊరుకుంటే సరిపోదు. చికిత్స చేసిన డాక్టరో, పరీక్షించిన డాక్టరో వచ్చి సాక్ష్యం చెప్పాలి. డాక్టర్లకు కోర్టంటే విసుగు, అందులో వాళ్ల తప్పేమీ లేదు, పూటంతా వరండాలో నిలబెడతాం. ఫలానా రోజు ఫలానా వేళకు పిలిపించమనో, కమిషనర్ ద్వారా సాక్ష్యం నమోదు చేయించమనో ట్రిబ్యునల్‌ను అడగండి. అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

గృహిణి గాయపడిన కేసు వస్తే ఇదే శ్రద్ధ ఇంకా ఎక్కువ కావాలి. 'ఏ పనీ లేదు' అని ఆమే చెబుతుంది. 2001లో లతా వాధ్వా కేసులో గృహిణి సేవల విలువను సుప్రీంకోర్టు నెలకు 3,000గా లెక్కించింది. 2021లో కీర్తి కేసులో ఇంటి పనికి ఆదాయం కట్టడం ఎవరో చూపే దయ కాదని, ఆమె శ్రమకు గుర్తింపు అని వివరంగా రాసింది. ఆ తీర్పు మొత్తం చదవండి.

మీ గుమస్తా మాట మాత్రం వినకండి. వైకల్యం సర్టిఫికెట్ కోసం పిటిషన్ ఆపకూడదు. మోటారు వాహనాల చట్టంలో 1994లో ఎత్తేసిన దరఖాస్తు గడువును 2019 సవరణ తిరిగి తెచ్చింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు వేయాలి. ఆ నిబంధన మీద సుప్రీంకోర్టు దాకా సవాళ్లు వెళ్లాయి గానీ, వాటిని నమ్ముకుని క్లయింటు హక్కును పణంగా పెట్టడం లాయరు పని కాదు. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, బీమా పాలసీ వివరాలు ఉంటే ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేసేయండి. వైకల్యం గాయం మానాక తేలుతుంది. దాన్ని సాక్ష్యంలో పెట్టుకోవచ్చు, కోరిన మొత్తాన్ని సవరించుకోవచ్చు. మీకు రెండు నెలల వ్యవధి ఉంది. అది ఎక్కువేమీ కాదు.

ఈ రంగమంటే రోడ్డు ప్రమాదాలే అనుకోకండి. పనిలో దెబ్బ తగిలితే 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ ఉంది; 2025 నవంబరులో అది 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో అమల్లోకి వచ్చింది. అక్కడ యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. రైలు నుంచి పడితే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్, వైద్యంలో నిర్లక్ష్యమైతే వినియోగదారుల కమిషన్. లారీ క్లీనరు డ్యూటీలో గాయపడితే రెండు తలుపులూ తెరిచే ఉంటాయి, కానీ మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఒక్కదానిలోనే వెళ్లాలి. ఏది ఎంచుకోవాలో ఆ మొదటి వారంలో సరిగా చెప్పగలిగితే సగం కేసు అయిపోయినట్టే. పాత 1923 చట్టం కింద నెల జీతం 15,000 దాటితే ఆ దాటిన భాగాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. మోటారు వాహనాల చట్టంలో అలాంటి కట్టడి లేదు, కానీ 166వ సెక్షన్ కింద వెళితే వాహనం నడిపినవారి తప్పు నిరూపించాలి.

ఇప్పుడు శాతాల సంగతి. అమెరికాలో గాయాల కేసులు చూసే లాయర్లు గెలిస్తేనే ఫీజు, అదీ వచ్చినదాంట్లో మూడో వంతు దాకా తీసుకోవడం మామూలు. అక్కడ అది చట్టబద్ధం. పెద్ద పెద్ద బోర్డులు కట్టి ప్రకటనలు ఇస్తారు కూడా. మన దగ్గర బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు రెండింటినీ నిషేధించాయి. ఫలితంతో ముడిపెట్టిన ఫీజు, పరిహారంలో వాటా ఒప్పుకోకూడదని 20వ నియమం. మధ్యవర్తుల ద్వారా కేసులు రాబట్టుకోకూడదని 36వ నియమం. 'అందరూ చేస్తున్నారు' అన్నది ఏ క్రమశిక్షణ సంఘం ముందూ పనికిరాదు.

నియమం ఎందుకు ఉందో కూడా ఆలోచించండి. ఆసుపత్రిలో కేసు పట్టించినవాడికి వాటా ఇవ్వాలి, ఆఫీసుకు వాటా కావాలి. అప్పుడు కేసు త్వరగా తెగడమే అందరికీ లాభం, ఒక్క క్లయింటుకు తప్ప. బీమా కంపెనీ లోక్ అదాలత్‌లో ఆరు లక్షలు ఇస్తానంటే, పద్దెనిమిది రావలసిన మనిషిని ఆరుకు ఒప్పించే శక్తి ఈ ఏర్పాటుకు ఉంది. ఆ మనిషేమో ఆపరేషన్ కోసం అధిక వడ్డీకి అప్పు తెచ్చి ఉంటాడు. నేను లోక్ అదాలత్‌కు వ్యతిరేకిని కాను. సరైన మొత్తం వస్తే అంతకంటే మంచిది లేదు. కానీ అక్కడ ఒకసారి సంతకం పెడితే అప్పీలు లేదని క్లయింటుకు అర్థమయ్యేలా చెప్పి, ఇంటికి వెళ్లి ఆలోచించుకోమనే లాయరు కావాలి. వాటాదారుడు అలా చెప్పలేడు.

ఇంతకన్నా పెద్ద గొయ్యి ఇంకొకటి ఉంది. ఢీకొట్టిన వాహనం ఆచూకీ తెలియకపోతే మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద వచ్చేది మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 మాత్రమే. ఇరవై లక్షలు రావలసిన గాయానికి యాభై వేలు! ఈ అగాధం దగ్గరే దొంగ దారులు మొదలవుతాయి. బీమా ఉన్న తెలిసినవాళ్ల బండిని తెచ్చి అదే గుద్దిందని రాయిస్తారు. బాధితుడి మీద జాలితోనే చేశామని చెప్పుకుంటారు కూడా. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి బూటకపు క్లెయిములపై 2015లో అలహాబాద్ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరాక 2021 నవంబరులో బార్ కౌన్సిల్ 28 మంది న్యాయవాదులను సస్పెండ్ చేసింది. జాలి ఎక్కువైన రోజున ఆ అంకె గుర్తుంచుకోండి. అన్యాయం ఆ 50,000లో ఉంది, నిజమే. దాన్ని మార్చవలసింది కేంద్ర ప్రభుత్వమో పార్లమెంటో, మీ గుమస్తా కాదు.

గౌరవంగా బతకవచ్చా అన్నారు. బతకవచ్చు, నెమ్మదిగా. ఈ కేసులు ఏళ్లు పడతాయి; తీర్పు వచ్చాక కంపెనీ హైకోర్టుకు వెళితే ఇంకొన్నేళ్లు. అందుకే ఫీజును దశలవారీగా, ముందే రాతపూర్వకంగా నిర్ణయించుకోండి. పిటిషన్ వేసేటప్పుడు కొంత, సాక్ష్యం మొదలయ్యాక కొంత. మిగిలింది తర్వాత తీసుకున్నా అది ముందే రాసుకున్న మొత్తం కావాలి, గెలుపుతో ముడిపడకూడదు. రసీదు ఇవ్వండి. మొదటి రెండు మూడేళ్లు ఈ ఒక్క రంగాన్నే నమ్ముకోవద్దు. మీరు నేర్చుకున్న కుటుంబ వివాదాలు, ఆస్తి కేసులు వదలకండి. అవి ఇక్కడ కూడా అక్కరకొస్తాయి. భర్త పోయిన కేసులో భార్యకూ అత్తమామలకూ వాటాల దగ్గర గొడవ వస్తే ఆ అనుభవమే పనికొస్తుంది. వీలైతే కొంతకాలం బీమా కంపెనీ తరఫున కూడా పని చేయండి. ఈ మాటకు బాధితుల పక్షం లాయర్లు నన్ను తిట్టుకుంటారు గానీ, అవతలివాళ్లు ఫైలు తెరవగానే ఏం వెతుకుతారో తెలిస్తే మీ పిటిషన్ రాసే తీరే మారుతుంది. పాత కక్షిదారుల విషయంలో ఇరు పక్షాలా నిలబడే పరిస్థితి మాత్రం రానీయకండి.

నిద్ర విషయం. అలవాటు కావాలని కోరుకోకండి, అది తగ్గుతుంది. మొదట్లో మనం కథంతా వింటాం, చేయగలిగింది ఏదో తెలియదు కాబట్టి ఆ బరువు ఇంటిదాకా వస్తుంది. పని తెలిసేకొద్దీ అదే బాధలో మీరు చేయవలసింది కనబడుతుంది. 'మెట్లు దిగలేక మేడ గది ఖాళీ చేశాం' అని అతని భార్య అంటే, మీ చేతిలోని కలం అద్దె రసీదులు అని రాసుకుంటుంది. అది మొద్దుబారడం కాదు. ఒక హద్దు మాత్రం పెట్టుకోండి: ఎంత వస్తుందో ముందే అంకె చెప్పకండి. బాధ చూడలేక లాయరు చెప్పిన పెద్ద అంకె తీర్పు రోజున ఇద్దరినీ కాలుస్తుంది. ఫోను చేయవలసిన వేళలు చెప్పండి. ఇంత చేసినా వారాల తరబడి నిద్ర రాకపోతే డాక్టరును కలవండి, దానికి సంకోచమేమీ వద్దు.

ఆఖరుగా ఆ ఆఫీసు. విన్నదాన్ని బట్టి తీర్పు చెప్పను, మీరూ చెప్పకండి. సీనియర్‌నే నేరుగా అడగండి, మర్యాదగానే. ఫీజు ఒప్పందం రాతలో ఉంటుందా, కేసులు ఎలా వస్తాయి, పరిహారం క్లయింటు ఖాతాలో పడ్డాక ఆఫీసు నుంచి ఎవరైనా బ్యాంకుకు వెంట వెళతారా, నా సంతకంతో వేసే ప్రతి పిటిషన్‌లో క్లయింటుతో నేను స్వయంగా మాట్లాడవచ్చా. నాలుగో ప్రశ్నకు ఆయన తడబడితే వెళ్లవద్దు. మీ పేరు మీద ఏ బండి ఏ ప్రమాదంలో ఉందో మీకే తెలియని రోజు వస్తుంది. అన్నిటికీ సూటిగా జవాబిస్తే వెళ్లి ఏడాది చూడండి.

కాదంటే ఇంకో దారి ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌కు దరఖాస్తు చేసుకోండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ఫీజు పెట్టుకోలేని ప్రమాద బాధితుల్లో చాలామంది ఈ జాబితాలోకే వస్తారు. ప్యానెల్ ఇచ్చే పారితోషికం చిన్నదే గానీ, కేసుల కోసం మీరు ఏ ఆసుపత్రి గుమ్మమూ ఎక్కనక్కరలేదు. ప్యానెల్‌లో చేరడానికి సాధారణంగా మూడేళ్ల అనుభవం అడుగుతారు, అది మీకు ఇప్పటికే ఉంది.